పిల్లల పేజీలో కాస్త ఖాళీ వదలండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ పత్రికలో ఆదివారం వచ్చే పిల్లల పేజీ గురించి రాస్తున్నాను. పేజీ బాగుంటుంది, కథ బాగుంటుంది, పొడుపుకథలైతే మా వీధి పిల్లలు పోటీపడి విప్పుతారు. నా అభ్యంతరమల్లా కింద మూలన వేసే 'రంగులు నింపండి' బొమ్మ మీదే. ఆ ఏనుగును ఎవరో పెద్దవాళ్లు ముందే గీసేశారు, చెవి ఎంత ఉండాలో తొండం ఎటు తిరగాలో తేల్చేశారు, పిల్లకు మిగిలిన పని గీత దాటకుండా రంగు పూయడం ఒక్కటే. పది నిమిషాల్లో అయిపోతుంది, అమ్మ "బాగుందమ్మా" అంటుంది, మర్నాటికి ఆ కాగితం పాత పేపర్ల కట్టలో చేరుతుంది. అదే చోట ఇంట్లో అందరూ కింద కూర్చుని చేతులతో చేసే పని వారానికి ఒకటి వేయమని అడగడానికే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు విజయవాడలో మా చుట్టుపక్కల ఇళ్లకూ అపార్ట్‌మెంట్లకూ వెళ్లి బొమ్మలు వేయిస్తుంటాను. ఒక షరతు మాత్రం ముందే చెబుతాను, పిల్లాణ్ణి నా ముందు కూర్చోబెట్టి మీరు వంటింట్లోకో ఫోన్లోకో వెళ్లిపోతే కుదరదు, ఆ గంటసేపు ఇంట్లో ఉన్నవాళ్లంతా కూర్చోవాలి. దాదాపు అందరూ ఒకే మాట అంటారు, "మాకు రాదు మాస్టారూ, మా చెయ్యి తిరగదు, వాడికి నేర్పండి చాలు" అని. ఈ మాట అనేవాళ్లలో సంక్రాంతి నెల పట్టగానే వాకిట్లో 15 చుక్కల మెలికల ముగ్గు ఎక్కడా తడబడకుండా లాగేసే అమ్మలుంటారు, బట్ట మీద సుద్దముక్కతో ఒక్క ఊపులో జాకెట్టు చంక తిప్పే టైలర్లుంటారు, తాపీతో గోడను అద్దంలా తీర్చే మేస్త్రీలుంటారు. వాళ్ల చేతిలో ఉన్నది కూడా కళేనని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, స్కూలైతే అసలే చెప్పలేదు.

స్కూలు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2020 జాతీయ విద్యావిధానంలో 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా ఊళ్లోని వడ్రంగి, కుమ్మరి, తోటమాలి, చిత్రకారుడు లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని రాశారు. మంచి ఆలోచన. సీబీఎస్ఈ వాళ్లు కళను పాఠంతో కలిపి ప్రాజెక్టు చేయించాలన్నారు, అదీ మంచిదే. తీరా అది ఇంటి గడప దాటేసరికి ఏమవుతోందో మీ పాఠకులందరికీ తెలుసు. రాత్రి తొమ్మిదింటికి పిల్ల గుర్తు చేస్తుంది, నాన్న బండి తీసి స్టేషనరీ షాపుకు పరిగెత్తుతాడు, థర్మాకోల్ షీటు, మెరుపు కాగితం, రెడీమేడ్ బొమ్మల చార్టు పట్టుకొస్తాడు, అమ్మ పదకొండు దాకా కూర్చుని అతికిస్తుంది, పిల్ల నిద్రపోతుంది. ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డారు, కలిసి చేసింది మాత్రం ఏమీ లేదు. మార్కులు పిల్లకు పడతాయి, పిల్ల చేతికి ఏమీ అంటదు.

చేతికి అంటడం అంటే ఏమిటో ఒక్క పదార్థంతో చెబుతాను, చింతపిక్కలు.

మాకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మలకు తెల్లపొణికి కర్రతో తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి మక్కుతో అతికిస్తారు, సందులు పూడ్చేదీ దానితోనే, ఆ తర్వాతే సున్నం పూత, రంగులు. మక్కు అంటే చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. అటు తెలంగాణలో సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు ఇదే చింతపిక్కల జిగురులో రంపపు పొట్టు కలిపి కొబ్బరిచిప్పల మీద మెత్తి ముఖాలు చేస్తారు. వాళ్లు కథలు గీసే పొడవాటి పటాల గుడ్డకు ముందు వేసే పూతలో కూడా ఈ జిగురే. రెండు రాష్ట్రాల్లో రెండు గొప్ప కళలకు ఆధారమైన సరుకు ప్రతి ఇంట్లో ఎండాకాలం చింతపండు కొట్టినప్పుడు చేటలో పోగై చెత్తలోకి పోతోంది.

దీన్ని ఇంట్లో చేయడం కష్టమేమీ కాదు. పిక్కలు వేయించి, నానబెట్టి, పై పొట్టు వదిలించి, మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి గరిటె ఆపకుండా ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. రంపపు పొట్టు సామిల్లులో అడిగితే ఊరికే ఇస్తారు, జల్లించి సన్నటిది వాడాలి. కొబ్బరిచిప్ప పీచు గీరేసి, దాని మీద ముద్దను పలచగా మెత్తి, ముక్కు, కనుబొమలు, పెదాలు తీర్చి నీడలో పెట్టాలి. ఎండలో పెడితే పగులుతుంది, అయినా ఖంగారు లేదు, పగులు మీద మళ్లీ మెత్తొచ్చు. పూర్తిగా ఆరాక సుద్ద పూత, ఆపైన రంగులు. ఒక్క పూటలో అయ్యే పని కాదిది. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్లది, ముద్ద కలిపేది చిన్నవాళ్లు, చిప్ప గీరడం తాతకో నాన్నకో, కళ్లు దిద్దడం ఎవరి చెయ్యి నిలకడగా ఉంటే వాళ్లకు. ఈ కళల్లో ప్రతి వయసుకూ ఒక పని దానంతటదే ఉంటుంది. ఆ ఊళ్లలో ఇవి ఇంటి పనులుగానే బతికాయి, పిల్లలు అమ్మానాన్నల పక్కన కూర్చుని ముద్ద కలుపుతూ కలుపుతూ నేర్చుకున్నారు, ఎవరూ బోర్డు మీద రాసి చెప్పలేదు. అందుకే కుటుంబం మొత్తం కూర్చోవాలని నేను అంత గట్టిగా పట్టుబట్టేది. పిల్లాడొక్కడినే క్లాసుకు పంపితే ఈ పనిలో సగం వాడికి కనపడదు.

ఇల్లే బడి కావడం మనకు కొత్తేమీ కాదు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరు తెలియని డ్రాయింగ్ మాస్టారు ఉండడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతిని గుర్తించి ప్రోత్సహించాడు, బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదివాడు, 1925లో 28 ఏళ్లు నిండకుండానే మశూచితో పోయాడు. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆయన భార్య సత్యవాణి, తోబుట్టువు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులయ్యారన్నది మాత్రం తక్కువమంది చెబుతారు. వందేళ్ల కింద, ఆడవాళ్లు బడికి వెళ్లడమే అరుదైన రోజుల్లో, ఒక ఇంట్లో భర్త, భార్య, ఆడపడుచు బొమ్మలు వేశారు. నాకు ఆయన చిత్రాలంటే ఎంత గౌరవమో ఈ విషయమంటే అంతకన్నా ఎక్కువ. మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడైనా ఆయన గురించి నాలుగు వాక్యాలుంటే ఐదో వాక్యం ఇది కావాలి.

విజయవాడలో కొండల మీద ఇళ్లు మీకు తెలిసినవే. అక్కడ ఒక ఇంటికి వెళ్తుంటాను, ఒకటే గది, నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ కుట్టుమిషన్, శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఆ ఇంట్లో పటం కథ వేయించాను. చేర్యాల పటాలు మీరు చూసే ఉంటారు, ఎర్రటి నేల రంగు, వరసగా గళ్లు, కూనపులి అనే కథకులు పద్మశాలీల వాడల్లో పటం విప్పుకుంటూ మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. మేము పాత క్యాలెండర్ల వెనక వైపు మైదా జిగురుతో ఒకదాని కింద ఒకటి అతికించాం, ఒక్కొక్కరికి ఒక్కో గడి, కథ ఏమిటంటే వాళ్లు ఊరు వదిలి బెజవాడ ఎలా వచ్చారన్నదే. నాన్న రైలు వేశాడు, పెట్టెల మధ్య లంకెలు కూడా వదల్లేదు. పిల్లలు కొండ మెట్లు వేశారు. మామ్మ మాత్రం "నాకు గీత రాదు బాబూ, నేను చెబుతాను, మీరు వెయ్యండి" అంది. సరే చెప్పమన్నాను. ఊరి చెరువు గురించి చెబుతూ చెబుతూ బొగ్గుముక్క తనే తీసుకుని, ముగ్గులో పద్మం వేసినట్టే వేసింది, ఆ పక్కన ఇంకొకటి, గడి నిండేదాకా. మనవరాలు అడిగిన ప్రశ్నలు నేను ముప్ఫై ఏళ్లు క్లాసులో అడిగించలేకపోయాను, ఆ చెరువు ఇప్పుడుందా, తామరలు ఎవరు కోసేవాళ్లు, నువ్వు ఈత కొట్టేదానివా అని. ఆ పిల్ల స్కూల్లో నోరు విప్పదని వాళ్లమ్మ తర్వాత చెప్పింది.

ఖర్చు గురించి కూడా మాట్లాడాలి, ఎందుకంటే ఆర్ట్ అనగానే పెద్ద పెట్టె క్రేయాన్లు, బ్రష్షుల సెట్టు, వేసవి క్యాంపు ఫీజు గుర్తొస్తాయి జనానికి. రంగులు కొనలేని ఇంట్లో కూడా పసుపు ఉంటుంది, అందులో చిటికెడు సున్నం కలిపితే ఎరుపు వస్తుంది, అది పారాణి కాళ్లకు పెట్టుకునే ప్రతి ఇంటికీ తెలుసు. బచ్చలి పండ్లు నలిపితే ఊదా రంగు సిరా. మందార రేకులు కాగితానికి రుద్ది ఒక వైపు నిమ్మరసం, ఇంకో వైపు వంటసోడా నీళ్లు రాస్తే రంగు రెండు రకాలుగా మారుతుంది, ఏడో తరగతి పిల్లాడికి ఆమ్లం, క్షారం పాఠం అక్కడే అయిపోతుంది. కట్టెల పొయ్యి ఉంటే బొగ్గు ఉంది. ఎర్రమట్టి ఉంది. ఇవి పేదవాళ్లకు సర్దుబాటు సరుకులని అనుకోవద్దు, శ్రీకాళహస్తి కలంకారీ ఇలాంటి సరుకుల మీదే నిలబడింది.

ఆ కలంకారీ నలుపు ఎలా తయారవుతుందో హైస్కూలు పిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకసారి చేసి చూడాలని నా కోరిక. తుప్పు పట్టిన మేకులు, ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు ఒక కుండలో వేసి మూత వదులుగా పెట్టి రెండు మూడు వారాలు పులియనివ్వాలి. మూత బిగిస్తే లోపల గ్యాస్ పడుతుంది, జాగ్రత్త, కుండ మీద పేరు రాసి చిన్నపిల్లలకు అందకుండా పెట్టాలి. వడగడితే వచ్చేది కసిమి, చూడటానికి అంత నల్లగా ఉండదు. ఇంకోపక్క తెల్ల నూలుగుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెట్టాలి, పాలు ఎందుకంటే రంగు పాకిపోకుండా. వెదురు పుల్ల మొనకు గుడ్డపీలిక చుట్టి, దారం కట్టి, కసిమిలో ముంచి ఆ గుడ్డ మీద గీస్తే, గీసిన గీత కళ్ల ముందే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి చేసే పని అది. కరక్కాయలు మూలికల దుకాణంలో దొరుకుతాయి. ఇది చూసినప్పుడు పిల్లల కంటే నాన్నలు ఎక్కువ నోళ్లు తెరవడం నేను గమనించాను, ఎందుకో తెలియదు, బహుశా వాళ్లకు మేకులు, తుప్పు తెలిసిన సరుకులు కావడం వల్లేమో.

పెద్దవాళ్లు కూర్చోవాలని అడిగేటప్పుడు ఇంకో మాట కూడా చెబుతాను, దిద్దవద్దని. "ఇది ఏనుగులా లేదేంట్రా" అన్న ఒక్క మాటతో ఎన్ని చేతులు ఆగిపోయాయో డ్రాయింగ్ మాస్టార్లను అడగండి. దానికి బదులు "ఇది ఎక్కడికి పోతోంది?" అని అడిగితే పిల్లాడు అడవి వేస్తాడు, దారి వేస్తాడు, ఏనుగు మీద వాడే ఎక్కి కూర్చుంటాడు. ఇంకా మంచిది, మీ కాగితం మీద మీరు ఏనుగు వేయండి. అది కూడా ఏనుగులా ఉండదు. అప్పుడు ఇద్దరూ సమానం.

ఈ కళల మీద మనకు గర్వం లేదని అనను. 2025 రిపబ్లిక్ డే పెరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక లక్క బొమ్మలే, టీవీలో చూసి చప్పట్లు కొట్టాం. నిమ్మలకుంట తోలుబొమ్మల దళవాయి చలపతిరావు గారికి 2020లో, ఏటికొప్పాక సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు, మీ పత్రిక మొదటి పేజీలో వేసింది. ఇంత గర్వపడే మనం పిల్లల చేతికి ఒక్క అంకుడు కర్ర ముక్క, కాస్త లక్క ఇచ్చి ఇది ఎలా మెరుస్తుందో చూడరా అనలేదు. షోకేసులో పెట్టి తాకొద్దన్నాం. 2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగినప్పుడు తల్లులకు ముగ్గుల పోటీలు పెట్టారు, నాకు చాలా సంతోషం వేసింది, తల్లులు బడి ఆవరణలో ముగ్గు పిండి పట్టుకుని కూర్చోవడం చిన్న విషయం కాదు. కానీ పోటీ పెడితే పిల్లలు పక్కన నిలబడి చూడాల్సిందే. అదే రోజు అదే ఆవరణలో అమ్మ, పిల్ల కలిసి ఒకే ముగ్గు వేసి, సందుచుక్క ఎలా పెట్టాలో, ఏ చుక్క దగ్గర మెలిక తిరగాలో ఆ తల్లి ఆ పిల్లకు అక్కడే చెప్పి ఉంటే, లెక్కల టీచరు పక్కన నిలబడి నోట్సు రాసుకునేవారు.

మరి ఇళ్లకు ఇది ఎవరు చేర్చాలి? నాలాంటి రిటైరైన మాస్టార్లు ఊరికి ఒకరిద్దరు ఉంటారు, పిలిస్తే వస్తారు. చేతిపని వాళ్లు ఉన్నారు, కానీ వాళ్లను పిలిస్తే డబ్బివ్వాలి, "మీ కళకు ప్రచారం వస్తుంది కదా" అని ఉట్టి చేతులతో పంపకూడదు, ఈ మాట చాలా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్లకు చెప్పాల్సి వస్తోంది. బొమ్మ అమ్మితే వచ్చేది ఎంతో, ఒక సాయంత్రం పది కుటుంబాలకు నేర్పితే అంతకంటే తక్కువ రాకూడదు. ఇక గ్రంథాలయాలు. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది, చాలామందికి తెలియదు. శాఖా గ్రంథాలయంలో పుస్తకం ఇచ్చినట్టే ఒక పెట్టె ఎందుకు ఇవ్వకూడదు? కరక్కాయ పొడి, పటిక, వెదురు కలం, నూలుగుడ్డ ముక్కలు, తోలుబొమ్మ కీళ్లు ఎలా కట్టాలో చూపించే నమూనా ఒకటి, ఎలా చేయాలో పెద్ద అక్షరాల్లో రాసిన కాగితం. రెండు వారాలు ఇంట్లో ఉంచుకుని తిరిగి ఇవ్వాలి. వేసవిలో గ్రంథాలయాల్లో పిల్లల శిబిరాలు ఎలాగూ పెడుతున్నారు, వాటికి అమ్మానాన్నలను, ముఖ్యంగా నాన్నలను, ఒక్క పూట పిలవండి.

ఇక మీరు. పేపర్ వెళ్లే ఇళ్లన్నిటికీ నేను వెళ్లలేను. పైగా మీ పత్రికే ముడిసరుకు, చదివాక నానబెట్టి నలిపి మైదా జిగురు కలిపితే గిన్నె, ముఖం, బొమ్మ ఏదైనా వస్తుంది. విదేశాల్లో ఉన్న మనవాళ్లు వీడియో కాల్లో అడుగుతుంటారు, మాకిక్కడ చింతపిక్కలు ఎక్కడివి మాస్టారూ అని, వాళ్లకూ ఇదే చెబుతాను. సంక్రాంతికి ముగ్గు చుక్కలు మాత్రమే అచ్చు వేయండి, గీతలు వద్దు, గీతలు అమ్మమ్మ దగ్గర దొరుకుతాయి. వినాయక చవితికి వారం ముందు బంకమట్టి ఎలా పిసకాలో, తొండం ఊడిపోకుండా రెండు వైపులా గీరి పలచటి మట్టి రాసి ఎలా అతకాలో వేయండి. బతుకమ్మ ముందు గునుగు పూల కొసలు రంగులో ముంచడం గురించి, అది కూడా తెలంగాణ ఎడిషన్‌కే పరిమితం చేయకుండా వేయండి, గుంటూరు పిల్లలకు తెలియాలి. నిమ్మలకుంటలో మేకతోలుతో చేసేదాన్ని ఇంట్లో అట్టముక్కతో చేసి, పాత పంచె వెనక బల్బు పెట్టి ఆడించడం ఎలాగో దసరా సెలవుల్లో వేయండి. ఒక్కటే మనవి, బహుమతులు పెట్టకండి. బహుమతి పెడితే మళ్లీ రాత్రి పదకొండింటికి అమ్మ ఒక్కతే కూర్చుని అతికిస్తుంది. ఎవరికి బాగా వచ్చిందని కాకుండా ఎవరెవరు కూర్చున్నారు, ఎక్కడ చెడింది, మళ్లీ ఎలా చేశారు అని రాసి పంపమనండి, ఆ ఉత్తరాలు అచ్చు వేయండి.

మొదటి నాలుగు వారాలకు సరిపడా బొమ్మలు, వివరాలు గీసి ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. నలుపు తెలుపే, పేజీలో పావు వంతు స్థలం చాలు, పారితోషికం అక్కర్లేదు. వేసుకుంటే మొదట చింతపిక్కల జిగురు వేయండి, కొత్త చింతపండు మార్కెట్లోకి వచ్చేసింది, ఇంకో నెల దాటితే పిక్కలన్నీ చెత్తబుట్టల్లోకి పోతాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
విజయవాడ